మందు ముద్ద

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

పాలవాగు తండా నివాసి, పశువుల దవాఖాన రిటైర్డు అటెండరు, గుగులోత్ భద్రు, తండ్రి కీ.శే. రూప్‌సింగ్, వయస్సు 61 సం., వ్రాసుకొను అర్జీ.

తేదీ: 21-9-2007

అయ్యా,

విషయం: నోరు పోయిన నా ఎద్దుకు మరణము మంజూరు చేయుట గురించి.

ఇరవైయారేండ్లు దవాఖానలో అటెండరుగా ఉండి, ఒక బల్ల మీది అర్జీని ఇంకో బల్ల మీదికి మోసిన చేతులు నావి. పెద్దలు అర్జీని ఎట్లా చదువుతారో నాకు తెలుసు. పైన విషయం చదువుతారు, కింద సంతకం చూస్తారు, మధ్యలో చాయ్ తాగుతారు. అందుకని చెప్పవలసినదంతా విషయంలోనే పెట్టాను. చాయ్ చల్లారేలోగా తీరిక చిక్కితే కింది అంశములు కూడా చదవగలరు.

1. సదరు ఎద్దు పేరు మైలోడు. కల్లూరు దిక్కు నుంచి రెండు పండ్ల కోడెగా తెచ్చి తొమ్మిదేండ్లయింది. బూడిద రంగు, కుడి కొమ్ము కొంచెం వంకర. జోడీ ఎద్దు బొల్లోడి కంటె నాలుగాకులు ఎక్కువే చదివింది, కావున పని ఎగ్గొట్టే తెలివి కూడా దానికే ఎక్కువ. దానికున్న ఒకే ఒక వ్యసనం మందు ముద్ద. తమరు పశువులతో మెలిగిన వారు కాకపోవచ్చు గనుక వివరిస్తున్నాను. పశువుకు ఒట్టి బిళ్ల ఇస్తే మింగదు. బిళ్లను నలిపి, బెల్లం, తవుడు కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టాలి. ఇది అందరికీ చేతనైన పని కాదు. బెల్లం ఎక్కువైతే జారుతుంది, తవుడు ఎక్కువైతే పొడి రాలుతుంది. ఈ మండలంలో నా ముద్దను ఉమ్మేసిన పశువు లేదు. ముగ్గురు డాక్టర్లు మారినా ముద్ద మాత్రం నేనే చేశాను. "భద్రు చెయ్యి తగిలితే ఇషమైనా మింగుతయి" అని జనం నవ్వేవారు. అది మెచ్చుకోలు అనుకొని నేనూ నవ్వేవాడిని. మైలోడు రోగం లేని రోజున కూడా నా చెయ్యి వాసన చూసి, ఒట్టి బెల్లం ముద్ద అయినా పెట్టేదాకా కాడి కిందికి మెడ పెట్టేది కాదు.

2. తేదీ 14-9-2007 శుక్రవారం, వినాయక చవితి ముందు రోజు, పొద్దున ఆరున్నర గంటలకు సదరు ఎద్దు నా మొక్కజొన్న చేను గట్టున మేయుచుండగా, గుర్తు తెలియని దుండగులు అడవి పందుల కొరకు పెట్టిన మందు ముద్దను కొరికినది. పందుల ముద్ద కొరికితే పేలుతుంది. తండాలో జనం పండుగ పటాకులు ముందే మొదలైనవి అనుకున్నారు. నేను కూడా అట్లాగే అనుకున్నానని వ్రాయవలసి ఉన్నది.

పోయి చూడగా కింది దవడ లేదు. నాలుక సగం ఉన్నది, అది వేలాడుతున్నది. ఎద్దు అరవలేదు, ఉరకలేదు, నిలబడే ఉన్నది. నన్ను చూసి చెవులు ముందుకు పెట్టింది. నా భార్య హేమ్లి గట్టున పడ్డ పండ్లను ఒక్కొక్కటిగా ఏరి కొంగున మూట కట్టుకున్నది. మళ్లీ అతికిస్తారని అనుకున్నదో ఏమో, నేను అడగలేదు.

3. మూగజీవం, నోరులేని జీవం అని తమవంటి పెద్దలు సభలలో జాలిగా పలకడం నేను కుర్చీలు మోస్తూ చాలాసార్లు విన్నాను. అయ్యా, ఇప్పుడు నా ఎద్దు నిజంగానే నోరులేని జీవం. ఆ జాలి ఏ ఆఫీసులో ఉంటుందో, దానికి ఏ ఫారం నింపాలో తెలియజేయగలరు.

4. దవాఖాన డాక్టరు భార్గవి గారు మంచి మనిషి, మా బిడ్డ ఈడు. కబురు అందిన గంటలోపు వచ్చింది. పుండు కడిగి, చేతులు కడుక్కొని, నా మొహం చూడకుండా చెప్పింది.

"బతకదు భద్రన్నా. కాని చావడానికి పది రోజులు పట్టొచ్చు. నొప్పి తెల్వకుండ పంపియ్యడానికి సూది ఉంటది. మన దగ్గర లేదు. పైనుంచి పర్మిషన్ రావాలె, సూది కూడ పైనుంచే రావాలె."

"రాయండి మేడం, జల్దీ రాయండి" అన్నాను.

ఆమె రిపోర్టు మొదలుపెట్టి కారణం దగ్గర ఆగింది. "బాంబు అని రాయనా?"

నేను ఆమె పెన్ను పట్టుకున్నంత పని చేశాను. తమరికి తెలియనిది కాదు, మా అడవి అంచున బాంబు అనే మాట కాగితం మీద పడితే డాక్టరు కంటె ముందు జీపు వస్తుంది. అన్నలెవరు, అన్నం పెట్టిందెవరు అని తండాలో లుంగీ కట్టిన ప్రతివాడినీ ఎక్కించుకొని పోతారు. ఒక ఎద్దు దవడకు ముప్పై మంది మగవాళ్ల దవడలు పణం పెట్టలేను. "మందు అని రాయండి మేడం, అందరం గట్లనే అంటం" అన్నాను. ఆమె "మందు తినుట వలన కింది దవడ పూర్తిగా పోయినది" అని వ్రాసింది.

జ్వరానికి వేసేది మందు. పత్తి పురుగుకు కొట్టేది మందు. సాయంత్రం తాగేది మందు. పందికి పెట్టేదీ మందే. నయం చేసేదానికీ చంపేదానికీ ఒకే పేరు పెట్టుకున్న మనకు ఏ కాగితం మీద ఏది రాసినా అబద్ధం కాదు.

5. నాలుగవ రోజున పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి వ్రాస్తున్నాను: "సదరు పశువునకు ఇచ్చిన మందు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ తెలుపవలెను. మోతాదు మించి ఇచ్చినచో బాధ్యులైన సిబ్బంది సంజాయిషీ జతపరచవలెను. అంతవరకు మీ కోరిక పరిశీలనలో ఉంచడమైనది."

డాక్టరు గారు ఆ కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఇప్పుడు ఎద్దుకు చావు రాకపోగా ఆమెకు సంజాయిషీ వచ్చింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని ఆఫీసులను తిడతారు. నేను ఎన్నో దున్నపోతులను చూశాను. వాన పడితే అవి చెవులన్నా ఆడిస్తాయి.

6. సూది కాకపోతే ఇంకొక దారి ఉన్నదని ఎవరో చెప్పారు. పనికిరాని ఎద్దు అని సర్టిఫికెట్ ఉంటే కబేళాకు పంపవచ్చునట. ఆ ఫారంలో వయసు గడి ఉన్నది. ఎద్దు వయసు పండ్లు చూసి వ్రాయాలి. ఎద్దుకు ముందు పండ్లు కింది దవడకే ఉంటాయి. కింది దవడ లేదు. కాబట్టి వయసు లేదు. వయసు లేని ఎద్దుకు సర్టిఫికెట్ లేదు.

హేమ్లి కొంగు ముడి విప్పి తొమ్మిది పండ్లను డాక్టరు గారి బల్ల మీద పోసింది.

"ఇవి ఈ ఎద్దువే అని రుజువేందని అడుగుతరమ్మా" అన్నది డాక్టరు గారు, తల ఎత్తకుండా.

"ఇంకెవ్వలివి? నావా?" అని హేమ్లి నోరు తెరిచి చూపించింది. దవాఖానలో ఉన్న నలుగురూ నవ్వారు. హేమ్లి నవ్వలేదు. పండ్లను మళ్లీ మూట కట్టుకొని బయటికి పోయింది.

7. పేలిన నాడే చప్పుడు విని అడవి గార్డు సంతోష్ వచ్చాడు. ముందుగా గట్టు చూశాడు, తరువాత చేను చూశాడు, అటు తరువాత ఎద్దును చూశాడు.

"పంది చచ్చిందా తాతా?"

"లేదు. ఎద్దుకు దవడ పోయింది."

"పంది చస్తే మా కేసు. ఎద్దయితే మాకేం సంబంధం లేదు" అన్నాడు. పంది అడుగులు బెత్తతో కొలిచి, "వన్యప్రాణికి ఎటువంటి నష్టము జరగలేదు" అని పుస్తకంలో వ్రాసుకొని తృప్తిగా పోయాడు. అతన్ని తప్పు పట్టడం లేదు. అడవిలో తిరిగే పందికి చట్టం ఉన్నది. నా కాడి కింద తొమ్మిదేండ్లు నడిచినదానికి నేను మాత్రమే ఉన్నాను.

8. ఇక ప్రజల సంగతి. చవితి నాడు మండపం కుర్రవాళ్లు మేళంతో వచ్చి ఎద్దు నొసట కుంకుమ పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. ముందు రోజు నుంచి నీళ్లు తాగలేని ఎద్దు గిట్టల మీద కొబ్బరినీళ్లు పోసి దండం పెట్టుకున్నారు. ఆదివారం నాడు టౌన్ నుంచి గోశాల వాళ్లు జీపులో వచ్చారు. బంతిపూల దండ వేసి ఫోటో దిగారు. ప్రాణం పోసే శక్తి లేనప్పుడు తీసే హక్కు మనిషికి లేదని వారిలో పెద్దాయన చాలా బాగా చెప్పాడు, నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అయితే తీసుకపోండి సారూ, మీ దగ్గరనే ఉంచుకోండి" అన్నాను.

"ఇంత పుండున్నదాన్ని మిగతావాటిల ఎట్ల కలుపుతం?" అన్నాడు. పోతూ పోతూ, ఎవరు చంపినా కేసు పెడతామని కూడా చెప్పి పోయాడు. దండను బొల్లోడు తినేసింది.

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ సామెత పుట్టిన చోట నేను ఏడు రోజులుగా కర్ర పట్టుకొని కూర్చున్నాను. ఈగలను తోలితే కాకులు, కాకులను తోలితే మనుషులు. మూడవ రోజుకు పురుగులు పడ్డాయి. టర్పెంటైన్ పోసి, చిమటాతో ఏరుతున్నాను. వెదురు గొట్టంతో గొంతులోకి గంజి పోస్తే సగం లోపలికి పోతుంది, సగం నా కాళ్ల మీద పడుతుంది. ఆ సగం వల్లనే అది ఇంకా బతికి ఉన్నది. పోయడం మానేస్తే జల్దీ పోతుందని నాకు తెలుసు. పూట కాగానే గొట్టం పట్టుకొని పోతున్నాను. దీన్ని దయ అంటారో కసాయితనం అంటారో తమరే తేల్చి వ్రాయగలరు.

9. ఎద్దుల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టే ఖయ్యూం పిలవకుండానే వచ్చాడు. తొమ్మిదేండ్లుగా మైలోడి కాళ్లకు నాడాలు కొట్టింది అతనే. పట్టకారు తీసి నాడాలు ఊడబీకడం మొదలుపెట్టాడు.

"ఏంది ఖయ్యూం?"

"ఇగ బండి గుంజేది లేదు గదా భద్రు భాయ్. ఇనుము ఎందుకు బరువు?"

ఏడు రోజులలో ఆ ఎద్దుకు ఎవరైనా పనికి వచ్చే పని చేశారంటే అది ఒక్కటే. అన్నీ ఊడదీసి, మూటలో వేసుకొని, నా పక్కన కూర్చున్నాడు.

"ఎన్ని దినాలు ఉంచుతవ్ గిట్ల?"

"ఆర్డరు రావాలె."

"నువ్వు అడుగుతున్నది ఆర్డరు గాదు. నీ చెయ్యి గాదని రాసిచ్చే కాగితం అడుగుతున్నవ్."

"అట్లయితే నువ్వు చెయ్యి" అన్నాను, కోపంతో.

"నేను ఎద్దు మీద కత్తి పెడితే రేపు ఊరు నా మీద పెడతది. గది నీకూ ఎరుకే" అన్నాడు. మూట ముడి బిగించి, "తాడు నువ్వు పట్టుకుంటనంటే వస్త. నువ్వు ఇంట్ల కూసోని నన్ను పంపుతనంటే రాను" అన్నాడు. నేను లేచి కాకులను తోలాను.

10. ఈ అర్జీదారు పశువులంటే ప్రాణం ఇచ్చే మనిషి అని తమరు పొరబడకూడదు. కోడెల విత్తులు నలగ్గొట్టేటప్పుడు కాళ్లు కట్టి మెడ మీద కూర్చున్నది నేనే. మత్తు సూది బీరువాలో ఉండేది, బీరువా తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. ఒక్కరోజు కూడా ఎవరూ అడగలేదు, నేనూ తీయలేదు. కోడె కళ్లు తేలేస్తే "అబ్బో, సిగ్గుపడుతున్నడు" అని జోకులు వేసి డాక్టర్లను నవ్వించాను. సాయంత్రం ఇంటికొచ్చి కడుపు నిండా తిని పడుకున్నాను. ఎట్లా నిద్ర పట్టిందంటే, ప్రతి రిజిస్టరులో పైన "పై అధికారుల ఆదేశానుసారం" అని ఉండేది. ఆ మూడు మాటలు ఉంటే చేతికి నెత్తురు అంటదు. ఆ మాటలు లేకుండా ఈ చెయ్యి లేవడం లేదు. ఖయ్యూం అన్నది నిజమే కావచ్చు. అయినా ఆదేశం ఇప్పించగలరు.

కావున తమరు దయతలచి, వయసు, పండ్లు, బ్యాచి నంబరు అడగకుండా, సదరు ఎద్దును చంపుటకు ఎవరికైనా ఒకరికి ఉత్తర్వులు ఇచ్చి, ఆ ఉత్తర్వులో నా పేరు కాక వేరొకరి పేరు వ్రాయించవలెనని కోరుచున్నాను.

ఇంతే నా మనవి, చిత్తగించవలెను. తమ చిత్తం వేరే పనుల మీద ఉన్నచో, కనీసం ఈ కాగితం వాసన చూడవలెను. ఎద్దు పక్కన కూర్చొని వ్రాసినది.

ఇరవైయారేండ్లు చెప్పినదల్లా చేసిన,
తమ విధేయుడు,
గుగులోత్ భద్రు

జతపరచినవి: డాక్టరు గారి రిపోర్టు నకలు ఒకటి. బ్యాచి నంబరు అడిగిన కాగితం నకలు ఒకటి. పండ్లు తొమ్మిది, హేమ్లి ఇవ్వనన్నది కావున జతపరచలేదు.

తా.క.: అయ్యా, పైదంతా వ్రాసి మడత పెట్టబోతుంటే హేమ్లి చదివి వినిపించమన్నది. ఆమెకు చదువు రాదు. మొత్తం విన్నది. "రెండోది మళ్ల చదువు" అన్నది. చదివాను.

"గుర్తు తెల్వని దుండగులా?" అన్నది. మా భాషలో అన్నది, నేను తెలుగులో రాస్తున్నాను. "నాకు ఎరుకే వాడు. ఒక్కడే. నలభై ఏండ్ల సంది నా పక్కన పండుకుంటున్నడు."

ఇక దాచి లాభం లేదు. ఆ ముద్ద పెట్టింది నేనే. రెండేండ్లుగా పందులు మొక్కజొన్నను గింజ లేకుండా చేశాయి. అందరూ పెట్టే ముద్దలను పందులు వాసన పట్టి పక్క నుంచి పోతున్నాయి. నాకు పొగరు. భద్రు చెయ్యి తగిలిన ముద్దను ఏ జీవం కాదంటుందో చూద్దామనుకున్నాను. పందుల మందు తెచ్చి, పైన నా పద్ధతిలో బెల్లం, తవుడు పట్టించాను. పట్టిస్తుంటే హేమ్లి చూసి "ఎవరికి మందు?" అన్నది. "పందికి" అన్నాను. "పందికేం రోగమొచ్చింది?" అన్నది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

పొద్దుగూకే ముందు ఏడు పెట్టి వచ్చాను. తెల్లవారగానే పోతే ఆరే దొరికాయి. వానకు గట్టు మీద నుంచి జారి గడ్డిలో పడి ఉంటుందని నాకు తోచలేదు. ఏడవది పంది ఎత్తుకుపోయి ఉంటుందని, పేలిన చప్పుడు రాత్రి ఉరుములలో కలిసి ఉంటుందని సంబరపడి, ఎద్దులను గట్టుకు తోలాను. పందులు దాని జోలికే రాలేదు. పందులకు నా మీద నమ్మకం లేదు. గడ్డిలో దాన్ని వెతుక్కొని తిన్నది నా చెయ్యి వాసన తెలిసినవాడు.

పేలినప్పుడు పటాకులు అని నేను అనుకోలేదు. తండాలో అది ఏమిటో తెలిసినవాడిని నేనొక్కడినే. కాబట్టి రెండవ అంశంలో గుర్తు తెలియని దుండగులు అని ఉన్నచోట నా పేరు వ్రాసుకోగలరు. డాక్టరు గారిని సంజాయిషీ అడగవద్దు. మిగిలిన ఆరు ముద్దలు నీళ్ల తొట్టిలో నానేసి ఉంచాను. జీపు పంపితే తండాలో వేరే ఇల్లు వెతకవద్దు, వేపచెట్టు పక్కన రేకుల ఇల్లు నాది. ముద్ద చేసినవాడే ముద్దాయి, ఇందులో విచారణకు ఏమీ లేదు.

రేపు పొద్దున ఒక మనిషి వస్తానన్నాడు. పేరు వ్రాయను. తొమ్మిదవ అంశంలో ఉన్న పేరును కొట్టివేసినట్టుగా భావించగలరు. తాడు నేనే పట్టుకుంటానని కబురు పంపాను. "తాడు ఒక్కటే కాదు. వాని ముందర కూసోని చెయ్యి వాసన చూపియ్. నీ చెయ్యి ఉంటే బెదరడు" అని తిరిగి కబురు చేశాడు. తమరి ఉత్తర్వులు వచ్చేసరికి ఎద్దు ఉండదు. ఉత్తర్వులను ఫైలులో ఉంచగలరు, ఇంకెవరి ఎద్దుకైనా పనికి వస్తాయి.

రేపటి కోసమని ఇందాక ఒక ముద్ద చేశాను. రెండు రోజులుగా లేవకుండా పడి ఉన్న మైలోడు ఆ వాసనకు ముందు కాళ్లు కూడదీసుకొని లేచి నిలబడ్డాడు. తినడానికి నోరు లేదు. అయినా మెడ చాపాడు.

హేమ్లి వచ్చి నా చేతిలో నుంచి ముద్దను లాక్కున్నది. బెల్లం, తవుడు తప్ప ఇందులో ఏమీ లేదని ప్రమాణం చేశాను. ఆమె నా మొహం వంక చూస్తూ ముద్దను ఒక వైపు కొరికి, నమిలి, మింగి, మిగిలినది నా చేతిలో పెట్టింది.